లోవలక్ష్మి అడిగి తీసుకున్న టీసీ

లోవలక్ష్మి చేతి సాంబారు గురించి ఆ ఊళ్ళో రెండో మాట లేదు. రావులపాలేనికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఏటిగట్టు కింద అరటి తోటల మధ్య ఉన్న ఊరది. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. నూట నలభై మంది పిల్లలు. పొద్దున్న ఎనిమిదిన్నరకి పొయ్యి వెలిగిస్తే పన్నెండున్నరకి గంట కొట్టేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలి. సాయానికి పాపాయమ్మ అని ఒక ముసలావిడ ఉంది గానీ, ఆవిడకి పని కంటే కబుర్లే ఎక్కువ. ఉల్లిపాయలు తరగమంటే ఊళ్ళోవాళ్ళందర్నీ తరుగుతూ కూర్చుంటుంది.

లోవలక్ష్మి మాటకారి కాదు. మొగుడు చిట్టియ్య ఉన్నప్పుడు కాస్త నవ్వుతూ మాట్లాడేదంటారు. అతను రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఎత్తుకుని ఒరిస్సాకి లారీ తోలేవాడు. మొదట్లో వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత పండక్కి, ఆ పైన రానే లేదు. బరంపురంలో ఇంకో కాపురం పెట్టాడని తోటి డ్రైవర్లు చెప్పారు. లోవలక్ష్మి వీధిన పడి ఏడవలేదు, బస్సెక్కి వెళ్ళి జుట్టు పట్టుకుని లాక్కురానూ లేదు. పోతే పోనీ, నాకు నా పిల్ల ఉంది అనుకుంది. అనుకోవడం తేలికే. మంచీ చెడ్డా అడగడానికి ఇంట్లో ఇంకో పెద్దమనిషి లేకపోతే ఎంత కష్టమో ఆవిడకి తర్వాత తెలిసొచ్చింది.

ఆ పిల్ల పేరు సహస్ర. లెక్కల మాస్టారు బోర్డు మీద సగం లెక్క చేసేసరికే జవాబు చెప్పేసే రకం. ఆరో తరగతి నుంచి తల్లి వంట చేసే బళ్ళోనే చదివింది. ఆ పిల్లకి ప్రాణస్నేహితురాలు హెలెన్. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే జీవరాజు కూతురు. హెలెన్‌దీ మంచి బుర్రే గానీ సహస్ర అంత కాదు. ఎక్కడ చూసినా ఇద్దరూ ఒక్కచోటే ఉండేవారు.

కూతురు చదివే బళ్ళోనే వంట చెయ్యడమంటే వినడానికి బాగానే ఉంటుంది. పిల్ల కళ్ళెదుటే ఉంటుంది, వేడన్నం తింటుంది, ఇంకేం కావాలంటారు. చేసేవాళ్ళకి తెలుస్తుంది అదేంటో. సహస్ర కంచం పట్టుకుని వరసలో వచ్చిందంటే వెనకున్న పిల్లల కళ్ళన్నీ గరిటె మీదే. "వాళ్ళమ్మేగా, రెండు గుడ్లేస్తుంది" అని ఏడో తరగతి వెధవ ఒకడు అననే అన్నాడు. ఆ రోజు నుంచి లోవలక్ష్మి గుడ్ల బేసిన్లో చెయ్యిపెట్టి, అన్నిట్లోకీ చిన్నది ఏరి మరీ కూతురి కంచంలో వేసేది. సాంబారు పైన తేటే పోసేది, ముక్కలు ఇంకొకళ్ళకి వెళ్ళేవి. పిల్ల కిక్కురుమనకుండా తినేది. ఊరందరి పిల్లలకీ తల్లిలా వడ్డించి కన్నకూతురికి సవతి తల్లిలా వడ్డించాల్సి రావడం, ఏం ఖర్మో చెప్పండి!

ఆవిడ మనసులో ఇంకో సంగతి కూడా ఎన్నాళ్ళుగానో తొలుస్తోంది. ఆ బళ్ళో పదకొండు మంది టీచర్లు. మంచివాళ్ళే, పాఠాలూ బాగా చెబుతారు. కానీ ఒక్కరి పిల్లలు కూడా ఆ బళ్ళో చదవరు. సైన్సు మాస్టారి కూతురు కాకినాడలో చదువుతోంది. హెడ్‌మిస్ట్రెస్ కనకవల్లిగారి ఒక్కగానొక్క కొడుకు ఉదయ్‌భాస్కర్ రాజమండ్రిలో పేరున్న రెసిడెన్షియల్ స్కూల్లో చదువుతున్నాడు. లోవలక్ష్మికి ఐదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ వంట వచ్చు. వండినవాళ్ళు తాము తినకుండా ఎదటివాళ్ళకే పెడుతున్నారంటే ఆ కూరలో ఏదో తేడా ఉన్నట్టే కదా! చూసి చూసి నా పిల్లకి ఆ కూరే ఎందుకు పెట్టాలి? ఇదీ ఆవిడ లాజిక్కు. తప్పని ఎవరనగలరు?

అలా సహస్ర ఎనిమిది పూర్తిచేసిన ఏడాది, జూన్ నెలలో బళ్ళు తెరిచిన రోజే, లోవలక్ష్మి చేతులు కడుక్కుని, కొంగు సవరించుకుని, హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళి టీసీ అడిగింది.

కనకవల్లిగారు ఆశ్చర్యపోయారు. "టీసీ ఎందుకు లక్ష్మీ? పిల్ల బాగా చదువుతోందిగా."

"అందుకేనండి. రావులపాలెంలో టెక్నో స్కూల్లో వేద్దామని. బస్సు ఇంటి దగ్గరికే వస్తుందంటండి."

"ఇంకెంత, రెండేళ్ళే కదా. పది ఇక్కడే రాయించు. పిల్లకే మంచిది, నా మాట విను. ఎందుకంటే..."

లోవలక్ష్మి ఆవిణ్ణి ఆ మాట పూర్తిచెయ్యనివ్వలేదు. ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్న మాట బయటికొచ్చేసింది. "మరి మీ బాబుగారిని ఎక్కడ చదివిస్తున్నారండి మేడం గారూ?"

హెడ్‌మిస్ట్రెస్‌ని వంటమనిషి అడిగే మాటా అది! కనకవల్లిగారి మొహం ఎర్రబడింది. సొరుగు లాగి పుస్తకం తీసి, టీసీ రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది ఇచ్చేశారు. లోవలక్ష్మి ఆ కాయితం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "చూశావా, అడిగేసరికి నోరు పడిపోయింది" అని పాపాయమ్మతో అంది. ఆ రోజంతా ఆవిడకి కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ పడిన కష్టం పగవాళ్ళకి కూడా వద్దు. స్కూల్లో వంట అయ్యాక ఇంటికొచ్చి మిఠాయి కొట్టుకి గవ్వలు వత్తడం, జంతికలు వండటం. పెళ్ళిళ్ళ సీజన్లో వంటల మేస్త్రీ వెంట తిరగడం. చెవుల దిద్దులు పోయి వేపపుల్లలొచ్చాయి. ఒళ్ళు హూనమైపోయేది. అయినా పొద్దున్నే పచ్చ బస్సు వీధి చివర హారన్ కొట్టి, టై కట్టుకున్న సహస్ర అందులోకి ఎక్కుతుంటే చాలు, ఆవిడ కడుపు నిండిపోయేది.

కడుపు నిండటం ఒక్కటేనా? ఇల్లు ఖాళీ అయిపోయింది. పిల్ల ఏడింటికి వెళ్తే మళ్ళీ రాత్రి ఏడింటికి రావడం. వచ్చాక హోంవర్కు. "ఏమ్మా, ఏం చెప్పారివాళ" అంటే "నీకు అర్థం కాదులే అమ్మా" అనేది. విసుగ్గా కాదు, అలసటగా. మధ్యాహ్నం కంచాల వరసలో కూతురు ఉండే చోటు ఆవిడకి తెలుసు. హెలెన్ ముందు, జడలేసుకున్న ఇంకో పిల్ల వెనక. ఇప్పుడు హెలెన్ వెనక ఆ జడల పిల్లే వచ్చేది. లోవలక్ష్మి గరిటె అక్కడ ఒక్క క్షణం ఆగేది. ఆ వేళకి తన పిల్ల ఎక్కడో టిఫిన్ బాక్సు మూత తీసి పొద్దున్నెప్పుడో కట్టిన చల్లన్నం తింటూ ఉంటుంది. ఇక్కడేమో పరాయి పిల్లలకి పొగలు కక్కే అన్నం వడ్డిస్తూ నిలబడి ఉంది తను.

హెలెన్ మాత్రం రోజూ తిన్నాక కంచం కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది. "సహస్ర ఎలా ఉంది పిన్నీ? నన్ను అడిగిందా?" అనేది. సహస్ర అడగకపోయినా "అడిగిందమ్మా" అనేది లోవలక్ష్మి.

టెక్నో స్కూల్లో తల్లిదండ్రుల మీటింగుకి ఒకే ఒక్కసారి వెళ్ళింది. పట్టుచీరలూ సెంటు వాసనల మధ్య వెనక కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. క్లాస్ టీచరు "మీరేం చేస్తుంటారండి?" అని అడిగితే, సహస్ర నేల చూపులు చూసింది. లోవలక్ష్మి పిల్ల మొహం చూసి, "క్యాటరింగండి" అంది. అబద్ధమేం కాదు. అయినా ఇంటికొచ్చేదాకా తల్లీ కూతుళ్ళిద్దరూ ఆటోలో చెరోవైపూ చూస్తూ కూర్చున్నారు.

పదో తరగతి ఫలితాలొచ్చాయి. సహస్రకి ఆరువందలకి ఐదువందల డెబ్భై నాలుగు! హైవే పక్కన ఆ స్కూలు వాళ్ళు పెట్టిన ఫ్లెక్సీలో ముప్ఫై మొహాల మధ్య సహస్ర మొహం కూడా ఉంది. లోవలక్ష్మి ఆటో ఆపించి దిగి మరీ చూసొచ్చింది. హెలెన్‌కి ఐదువందల అరవై ఒకటి. పాపం, పదమూడు తక్కువ అనుకుంది. నిజంగానే జాలిపడింది, అందులో కల్లాకపటం ఏమీ లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. ట్రిపుల్ ఐటీలో సీటు. పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. వస్తే ఆరేళ్ళు అక్కడే ఉండి, తిండీ చదువూ అన్నీ అక్కడే సాగి, ఇంజనీరై బయటికొస్తుంది పిల్ల. రాకపోతే పెద్ద కాలేజీల్లో ఇంటర్ చదివించే తాహతు లోవలక్ష్మికి లేదు. రెండేళ్ళు లాక్కొచ్చేసరికే ఆవిడ పనైపోయింది. ఆ సీటు కోసమే కదా ఇదంతా చేసింది.

మే నెల్లో అప్లికేషన్ పెట్టడానికి రావులపాలెం నెట్ సెంటర్‌కి వెళ్ళారు తల్లీ కూతుళ్ళు. అదే వరసలో జీవరాజూ హెలెనూ కూడా ఉన్నారు. నెట్ సెంటర్ కుర్రాడు జానకిరామ్ కంప్యూటర్‌లో టకటకా కొడుతూ అడిగాడు.

"గవర్నమెంట్ స్కూలాండి, ప్రైవేటాండి?"

"ప్రైవేటేనండి!" అంది లోవలక్ష్మి, సెంటర్లో అందరికీ వినబడేలా.

"ఓహో. గవర్నమెంట్ అయితే నూటికి నాలుగు చొప్పున కలుపుతారండి. ఆరువందలకి ఇరవై నాలుగు. ప్రైవేటు కదా, మీకు రాదు."

"మాకెందుకండి ఎవరో కలపడం? మా పిల్లకి సొంత మార్కులే ఉన్నాయి" అని నవ్వింది. ఎంత సంబరంగా నవ్విందో! పక్కన సహస్ర మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల అప్పటికే మనసులో హెలెన్ మార్కులకి ఇరవై నాలుగు కలిపేసుకుంది. తల్లి మొహం చూసి పైకి చెప్పలేకపోయింది.

జూన్ ఆఖర్లో లిస్టు వచ్చింది. వచ్చిన వేళకి లోవలక్ష్మి పప్పుకి తాలింపు పెడుతోంది. బడి వరండాలో పిల్లలు చప్పట్లు కొడుతున్న చప్పుడు వంటింట్లోకి వినబడింది. తెలుగు మాస్టారు పరుగెత్తుకుంటూ వచ్చి, "లక్ష్మీ, మన హెలెన్‌కి ట్రిపుల్ ఐటీ వచ్చిందమ్మా! ఈ బళ్ళోంచి వెళ్తున్న మొదటి పిల్ల" అన్నారు. లోవలక్ష్మికి నిజంగా సంతోషమేసింది. హెలెన్‌కే వచ్చిందంటే తన పిల్ల సంగతి ఇక చెప్పాలా!

"మా సహస్రదండి? ఏ ఊళ్ళో వేశారండి సీటు?"

మాస్టారు ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి చూశారు. "అది... మేడంగారిని అడుగమ్మా" అని వెళ్ళిపోయారు. తాలింపు మాడింది. ఆవిడ తొమ్మిదేళ్ళలో పప్పు మాడ్చడం అదే మొదలు. పిల్లలు ఆ మాడు పప్పే తిన్నారు.

భోజనాలయ్యాక హెడ్‌మిస్ట్రెస్ గది గుమ్మంలో నిలబడింది. కనకవల్లిగారు కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"మా పిల్లకి ఐదువందల డెబ్భై నాలుగండి."

"తెలుసు లక్ష్మీ. హెలెన్‌కి కలిపాక ఐదువందల ఎనభై ఐదు అయ్యింది. ఈ ఏడు లిస్టు ఐదువందల డెబ్భై నాలుగు దాకా దిగలేదు."

"ఓ కాయితం రాసివ్వండి మేడం గారూ. ఎనిమిది దాకా మా పిల్ల సర్కారు బళ్ళోనే చదివిందని. నేనిక్కడే వంట చేస్తానని కూడా రాయండి. మేం ఉన్నోళ్ళం కాదని వాళ్ళకి తెలియాలి కదండి. ప్రైవేటు అనేసరికి ఉన్నోళ్ళమనుకుని ఉంటారు. నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"అది మనుషులు చూసే పని కాదు లక్ష్మీ, కంప్యూటరే చూస్తుంది. పది ఎక్కడ రాసింది, అంతే. నువ్వేం చేస్తావో, ఫీజు ఎలా కట్టావో దానికి తెలీదు."

బయట పిల్లలు కంచాలు కడుక్కుంటున్న గోల. అప్పుడు ఆవిడకి ఆ రోజు కనకవల్లిగారు సగంలో ఆపేసిన మాట గుర్తుకొచ్చింది.

"ఈ రూలు మీకు ముందే తెలుసాండి?"

కనకవల్లిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తెలుసు."

"మరి ఆ రోజు చెప్పలేదేమండి?"

"చెబుదామనే నోరు తెరిచాను. నువ్వు మా వాడి సంగతి ఎత్తావు. తల కొట్టేసినట్టయింది నాకు. కోపం కూడా వచ్చింది. ఇంత మాట అంటుందా అనుకుని సంతకం పెట్టి ఇచ్చేశాను." ఆవిడ గొంతు తగ్గింది. "తర్వాతైనా పిలిచి చెప్పి ఉండొచ్చు. వారం తిరక్కుండా మళ్ళీ తెచ్చి చేర్చేదానివి. రోజూ నీ వంటింటి ముందునించే వెళ్తూ కూడా చెప్పలేదు. తప్పు నాదే లక్ష్మీ."

ఉదయ్‌భాస్కర్‌కి పదిలో ఐదువందలు కూడా రాలేదు. అయినా విజయవాడలో ఏదో పెద్ద కాలేజీలో చేరిపోయాడని, ఇంజనీరింగ్ దాకా అక్కడే ఏర్పాటైపోయిందని పాపాయమ్మ ఎప్పుడో చెప్పింది. వాడికి ఏ లిస్టుతోనూ పని లేదు. లోవలక్ష్మి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం? ఒకసారి ఎత్తినందుకే ఇంత దూరం వచ్చింది. "ఆయ్, సరేనండి" అని వెనక్కి వచ్చి గిన్నెల ముందు కూర్చుంది. కనకవల్లిగారి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఆవిడ తప్పు ఒప్పేసుకుంది, ఇక తన తప్పు ఒక్కటీ తన దగ్గరే మిగిలిపోయింది.

ఇంట్లో సహస్ర ఏడవలేదు, కోప్పడలేదు. అడిగితే జవాబు, లేకపోతే లేదు. ఒకే గదిలో ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో గోడ లేదు గానీ ఉన్నట్టే ఉంది. ‘తిట్టవే తల్లీ, ఓసారి తిట్టెయ్, నీ పుణ్యముంటుంది’ అని లోవలక్ష్మి ఎన్నిసార్లు మనసులో అనుకుందో. పిల్ల తిట్టలేదు.

ఇంతలో జీవరాజు వచ్చాడు. ఆదివారం ఇంటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారట. చర్చి అయ్యగారు వస్తారు, ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. వాళ్ళలో మేలు జరిగితే అలా నలుగుర్నీ పిలిచి దేవుడికి వందనాలు చెప్పుకుని అన్నం పెట్టడం ఆనవాయితీ.

"వంట నువ్వే చెయ్యాలక్కా. మా పిల్ల పట్టుబట్టింది. వేరేవాళ్ళని పెడితే ఊరుకోనంది" అన్నాడు. మనిషి మంచివాడు. తను అడుగుతున్నదేంటో అతనికి తోచలేదు. లోవలక్ష్మి కాదనలేకపోయింది.

ఆదివారం వెళ్తూ సహస్రని కూడా రమ్మంది. తలనొప్పంది పిల్ల.

జీవరాజు ఇంటి వెనక పందిరి కింద ఒక్కతే పొయ్యి వెలిగించుకుంది. ముందు వైపు షామియానా కింద పాటలు, తబలా, చప్పట్లు. అయ్యగారి ప్రార్థన అయ్యాక హెలెన్‌ని, దేవుడు తనకి చేసిన మేలు గురించి నలుగురి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు. ఆ పిల్ల లేచి దేవుడికి, అమ్మానాన్నలకి, మాస్టర్లకి వందనాలు చెప్పి, "ఐదేళ్ళు నాకు అన్నం పెట్టిన లక్ష్మి పిన్నికి కూడా" అంది. అంతటితో ఆగక వెనక్కి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కెళ్ళింది. మసి కొంగుతో, చెమట మొహంతో అందరి ఎదుటా నిలబడింది లోవలక్ష్మి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకి జన్మలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పూట కొట్టారు. భూమి చీలితే బావుండుననిపించింది.

"సహస్ర రాలేదా పిన్నీ?" అంది హెలెన్ చెవిలో.

"తలనొప్పమ్మా."

హెలెన్ తల వంచుకుంది. ఇద్దరికీ తెలుసు అది తలనొప్పి కాదని.

భోజనాలు సగమయ్యాక జీవరాజు భార్య దేవకుమారి వెనక్కి వచ్చింది. లోవలక్ష్మి చేతులు రెండూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నీ దగ్గర దాచడమెందుకక్కా. మీ సహస్ర టెక్నో స్కూలు బస్సెక్కిన రోజు నేను ఇంట్లో అన్నం తినలేదు. మన పిల్లనీ అందులోనే వెయ్యమని ఈయన్ని నెల్లాళ్ళు నంజుకు తిన్నాను. లక్ష్మక్క ఒక్కతీ ఆడమనిషై ఉండి వేసింది, మీకేమైంది అని అడిగేశాను. ఎక్కడా పుట్టలేదక్కా డబ్బు. మావల్ల కాలేదు. ఆ రోజు పుట్టుంటే ఈ రోజు నా పిల్లకి సీటు లేదు. దేవుడు ఎంత మేలు చేశాడో చూడు!"

మనసులో ఏ విషమూ లేకుండా అన్న మాట. దేవుడి దగ్గర చెప్పుకోవాల్సిన మాట ఆవిడ తెచ్చి లోవలక్ష్మి దగ్గర చెప్పుకుంది, అంతే. లోవలక్ష్మి ఆవిడ పట్టుకున్న తన చేతుల వైపు చూసుకుంది. గవ్వలు వత్తిన చేతులవి. రెండేళ్ళు కడుపు కట్టుకుని సంపాదించి, చేతులారా పిల్ల సీటు తీసేసిన చేతులు. తనకీ ఎక్కడా పుట్టకపోయి ఉంటే? తనకీ చాతకాకపోయి ఉంటే?

"అవునమ్మా, మేలే" అంది. "పెరుగు అయిపోతున్నట్టుంది, ఇంకో బకెట్ పట్టుకెళ్ళు."

ఇంటికొచ్చేసరికి మూడైంది. సహస్ర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. లోవలక్ష్మి తెచ్చిన క్యారేజీ ముందు పెట్టి, ఎదురుగా చతికిలబడి, దేవకుమారి అన్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పింది. కావాలనే చెప్పింది. ఇది వింటేనైనా పిల్ల తిడుతుందని.

సహస్ర అంతా విని అడిగింది. "అమ్మా, నువ్వు టీసీ తెచ్చిన రోజు నేనేమన్నానో గుర్తుందా?"

రెండేళ్ళుగా లోవలక్ష్మి గుర్తు రాకుండా చూసుకుంటున్న సంగతి అది. ఆ రోజు ఆవిడ సంబరంగా ఇంటికొచ్చి కాయితం చూపిస్తే, పిల్ల మంచం కోడు పట్టుకుని వెళ్ళనంటే వెళ్ళనని గుక్కపట్టి ఏడ్చింది. "ఇక్కడైతే నువ్వుంటావు. అక్కడ నాకెవరుంటారమ్మా?" అంది. లోవలక్ష్మి చెంప మీద ఒక్కటిచ్చింది. నీకేం తెలుసు, నోరుమూసుకో అంది.

"గుర్తుంది" అంది ఇప్పుడు.

"సరే" అంది సహస్ర. "గుర్తుందో లేదోనని అడిగాను."

అంతే. లోవలక్ష్మి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. పిల్ల లేచి, సంచిలోంచి ఒక అప్లికేషన్ తీసింది. రావులపాలెం గవర్నమెంట్ జూనియర్ కాలేజీది. తనే ఎప్పుడో వెళ్ళి తెచ్చుకుంది, తనే నింపుకుంది.

"రేపు ఇచ్చొస్తాను. తల్లిదండ్రుల సంతకం కావాలంట."

"నేనూ వస్తాను. వంట సంగతి పాపాయమ్మని చూసుకోమంటాను."

"వద్దమ్మా. నేనొక్కదాన్నే వెళ్తాను."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆవిడ పిల్లని వాటేసుకుని బావురుమనేది. పిల్ల పెన్ను తెరిచి చేతికిచ్చి, కాయితం నేల మీద సరిగ్గా పరిచి పట్టుకుంది. ఏ గ్రూపు, ఎన్నేళ్ళు, తర్వాతేంటి, ఒక్కటీ అడగడానికి లోవలక్ష్మికి నోరు రాలేదు. సహస్ర వేలు పెట్టి చూపించిన చోట వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసింది.